యువజనులు ఏమి చదువవలెను?

“మా పిల్లవాడు ఏ పుస్తకములు చదువవలెనో కాస్త వ్రాసి యిత్తురా?” అని మమ్ము అడుగు గృహస్థులు పెక్కుమంది కలరు. అడుగువారందరును సదుద్దేశముతోనే అడుగుదురు. వారు కోరునది ఒక పట్టిక. పది పుస్తకముల పేర్లు వ్రాసి యిచ్చినచో దానిని మడిచి జేబులో పెట్టుకొని, పెద్ద బాధ్యత యొకటి తీరినట్లు వెడలిపోవుదురు. ఆరు నెలల పిమ్మట ఆ పట్టిక ఏమైనదని మేము ప్రశ్నించినచో చిరునవ్వే సమాధానము. పట్టిక ఉన్నది, చదివినవారు లేరు.

ఇటీవల ఒకనాటి సాయంకాలమున పనిమీద మాదాపూరునకు పోయితిమి. 1998వ సంవత్సరము నవంబరులో అచట సైబర్ టవర్స్ అను గుండ్రని మేడ ప్రారంభమైననాటికి ఆ ప్రాంతము నగరమునకు పడమట రాతిగుట్టల నడుమ నున్న చిన్న యూరు. నేడది దేశదేశముల కంపెనీలకు పనిచేయు యువతీయువకుల పట్టణము. 2019 మార్చి నుండి అమీర్‌పేట మీదుగా మెట్రో రైలు నడుచుచున్నది. మేమెక్కిన పెట్టెలో కూర్చున్నవారును, నిలుచున్నవారును దాదాపు అందరు ఇరువది ముప్పది ఏండ్లవారే. అందరి చేతులలోను ఫోనులే. వీరు చదువుట లేదనుట న్యాయము కాదు. మేము చిన్ననాడు ఒక వారములో చదివినన్ని అక్షరములు వీరొక్కనాటిలో చదువుచున్నారు. ఏ పుస్తకములు చదువవలెనో తెలుపు పట్టికలు సైతము ఆ ఫోనులోనే వందలకొలది దొరకును. ఇక లోపించినదేమి?

ఈ ప్రశ్నకు సమాధానము మన హైదరాబాదు నగర చరిత్రలోనే ఉన్నదని మా నమ్మకము. నూట ఇరువది ఏండ్లకు పూర్వము ఇచటి పెద్దలు కొందరు యువకుల పఠనమును గూర్చి ఇట్లే చింతించిరి. వారు చేసినదేమి, అందు ఫలించినదేమి, ఫలింపనిదేమి అని విచారించుట నేటి తలిదండ్రులకు నిరుపయోగము కాదు.

కథ ఒక యింటిలో మొదలగుచున్నది. కృష్ణా మండలము నందిగామ ప్రాంతమునకు చెందిన కొమఱ్ఱాజు వారి యింట 1874లో అచ్చమాంబ, 1877లో లక్ష్మణరావు జన్మించిరి. బాల్యముననే వివాహమైన అచ్చమాంబకు పాఠశాల చదువు లేదు. ఆమె భర్త మధ్యపరగణాలలో ఉద్యోగి. తమ్ముడు లక్ష్మణరావు చదువునకై అక్కగారి యింట చేరెను. అతడు చదువుచుండగా అక్క ప్రక్కన కూర్చుండి అక్షరములు పట్టుకొనెను. తెలుగు, హిందీ నేర్చెను. ఇతర భాషలలోనికిని ప్రవేశించెను. ఆమె రచించిన అబలా సచ్చరిత్ర రత్నమాల స్త్రీల చరిత్రలతో కూడిన గ్రంథము. తెలుగున స్త్రీ వ్రాసిన తొలి చరిత్ర రచనలలో అది యొకటి. 1905లో, ముప్పదియొకటవ యేట, ఆమె కీర్తిశేషురాలైనది. అచ్చమాంబకు ఏ విద్వాంసుడును చదువవలసిన గ్రంథముల పట్టిక వ్రాసి యీయలేదు. ఆమెకు లభించినది ఒక తోడు. అక్కకు తోడుగా చదివిన ఆ తమ్ముడే పిదప తెలుగునాట పఠనోద్యమమునకు నాయకుడైనాడు. అతడు వేలమంది యువకులకై చేసిన పని తన యింట చూచినదానికి విస్తరణమే అని మాకు తోచును.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు రామకోటలో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసినది. మునగాల జమీందారు నాయని వేంకట రంగారావుగారు, ఆయన సంస్థానమున ఉద్యోగిగా నున్న లక్ష్మణరావుగారు దానికి పూనుకొన్నవారిలో ముఖ్యులు. నిజాము రాష్ట్రమున తెలుగువారి సంఖ్య మిక్కిలి అధికము. కాని కచ్చేరీలలో ఉర్దూదే స్థానము. తెలుగు బాలుడు ఇంట నొక భాష మాటలాడి బడిలో వేఱొక భాష చదువవలసి యుండెను. తెలుగు గ్రంథము కొనదలచిన, రాజధానిలోనే దొరకుట కష్టము. ఆ స్థితిలో ఒక గృహస్థు తన యింటి గదిని పుస్తకములకు విడిచి, పదిమందిని పిలిచి కూర్చుండబెట్టెను. 1904లో హనుమకొండయందు రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయము, 1905లో సికింద్రాబాదునందు ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము ఈ మార్గముననే ఏర్పడినవి.

ఈ నిలయములు పుస్తకములను భద్రపఱచు కొట్లు మాత్రమే కావు. పత్రికలు వచ్చినచో ఒకరు చదువగా పలువురు వినుచుండిరి. ఉపన్యాసములు జరుగుచుండెను. ఊరినుండి వచ్చిన విద్యార్థికి పరిచయము కలుగు స్థలమదే. మాడపాటి హనుమంతరావుగారు మొదలైనవారు కార్యదర్శులుగా సంవత్సరముల తరబడి నిలయమునకు సేవ చేసిరి. తెలంగాణమున తరువాత వచ్చిన ప్రజాజీవనమునకు నాయకులైనవారిలో పలువురికి తొలి పాఠశాల ఇట్టి గ్రంథాలయములే.

అలమరలు ఏర్పడిన కొలదికాలమునకే ఒక లోటు కనబడినది. కావ్యములు, పురాణములు ఉన్నవి. కాని లోకవ్యవహారము తెలిసికొనగోరు యువకునికి తెలుగున నేమున్నది? చరిత్ర లేదు, భౌతికశాస్త్రము లేదు, ఇతర దేశముల మహాపురుషుల జీవితములు లేవు. చదువుమని చెప్పుటకు ముందు చదువదగినది కల్పింపవలసి వచ్చినది. ఇందులకై 1906లో హైదరాబాదుననే విజ్ఞాన చంద్రికా మండలి స్థాపితమైనది. లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు గారలు అందు ప్రముఖులు. 1908లో మండలి చెన్నపట్టణమునకు తరలినది.

మండలి తొలి గ్రంథమేదో ఊహించుడు. 1907లో వెలువడిన ఆ గ్రంథము హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. సముద్రముల కావల బానిసత్వమును తొలగించిన, పేదయింట పుట్టిన ఒక మనుష్యుని కథ తెలుగు యువకుని చేతిలో మొదట పెట్టవలెనని ఆ పెద్దలు నిశ్చయించిరి. దాస్యమనునది దైవనిర్ణయము కాదనియు, మానవ ప్రయత్నమున తొలగునదియేననియు యువకుడు తనంత తాను గ్రహింపవలెను. సూటిగా చెప్పవీలులేని మాటను ఒక జీవితచరిత్ర చెప్పినది. మఱుసటి సంవత్సరముననే బెజవాడ స్వరాజ్య పత్రికలోని వ్రాతకుగాను హరిసర్వోత్తమరావుగారిని ప్రభుత్వము కారాగారమునకు పంపినదనిన, ఆ కాలమున ఒక పుస్తకమును ఎన్నుకొనుట ఎంత సాహసమో తెలియగలదు.

లింకను వెనుక హిందూ దేశ చరిత్రలు వచ్చినవి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము వచ్చినది. జీవశాస్త్రము, పదార్థ విజ్ఞానము, రసాయనశాస్త్రము వచ్చినవి. చందాదారుల బలముతో గ్రంథమాల సాగినది. పుస్తకము అచ్చగుటకు ముందే దానిని చదువువారు సిద్ధముగా నుండిరి. తపాలా ద్వారా పుస్తకము ఊరు చేరినచో ఆ యూరి గ్రంథాలయమున అది చేతులు మాఱుచుండెను. అమెరికాలో నెలకొక పుస్తకమును సభ్యులకు పంపు ప్రసిద్ధమైన క్లబ్బు 1926లో మొదలైనది. అంతకు ఇరువది ఏండ్లు ముందుగనే మన హైదరాబాదు పెద్దలు, ఆ పేరు పెట్టకయే, దానికి దగ్గఱ పని చేసిరి.

ఇచట ఒక విషయము దాచిపెట్టరాదు. ఆ ఎన్నిక పెద్దలది. యువకులను అడిగి చేసినది కాదు. యువకులకేమో నవలలపై మక్కువ. నవల చదువుట చెడుగునకు మార్గమని తలంచు పెద్దలు ఆనాడు చాలమంది. మండలివారు ఆ మక్కువను గద్దింపలేదు. నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చిరి. వానిలో చారిత్రక నవలలను ప్రోత్సహించిరి. మనము చెప్పదలచినది వారికి నచ్చిన రూపమున చెప్పుద మనుట గొప్ప వివేకము. పాఠకుడు పట్టికకు లోబడవలెనను పెద్దలకును, పట్టిక పాఠకునివైపు కొంత వంగవలెనను పెద్దలకును ఉన్న భేదమిదే.

సర్కారు జిల్లాలలో ఈ యుద్యమము వేఱొక విధముగా పెరిగినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారిగా సమావేశమైరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. వెనుకనుండి నడపినవారు అయ్యంకి వేంకటరమణయ్యగారు. అప్పటికి ఆయనకు ఇరువదిమూడేండ్లు మాత్రమే. యువకుల పఠనమును గూర్చి మాటలాడుచు మనము మఱచు విషయమిది: ఈ యుద్యమమును నడపినవారిలో పెక్కుమంది యువకులే. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవపై గ్రంథములు పెట్టి కృష్ణా పశ్చిమ డెల్టా కాలువవెంబడి కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ త్రిప్పిరి. గట్టున పడవ ఆగగానే రైతులు, పిల్లలు పుస్తకములు తీసికొనుచుండిరి. పాఠకుడు గ్రంథాలయమునకు రానిచో గ్రంథాలయమే పాఠకుని వద్దకు పోయినది.

మరల నిజాము రాష్ట్రమునకు వత్తము. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో ఒక సంఘసంస్కార మహాసభ జరిగెను. కార్వే పండితుడు అధ్యక్షుడు. అందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడుటకు లేవగా సభలోని కొందరు అల్లరి చేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. ఆ సంఘము తన పనులలో మొదటివిగా ఎంచుకొన్నవానిలో ఊరూరా గ్రంథాలయములు, పఠనమందిరములు, పాఠశాలలు స్థాపించుట ఒకటి. మాటలాడనీయని సభకు బదులు చదువుకొను గదులు నిర్మింపబూనిరన్నమాట.

దీనికి ఆటంకములు కలిగినవి. సభ జరుపుటకు ముందుగా సర్కారువారి అనుమతి పొందవలెనను గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ఆనాడు ప్రసిద్ధము. గ్రంథాలయము తెరచుటకును కొన్నియెడల స్థానికాధికారులు అడ్డుతగులుచుండిరి. ఆలోచించి చూచిన దీని మర్మము తెలియగలదు. ఒకడు తన యింట మూలకూర్చుండి పుస్తకము చదువుకొనిన ఏ యధికారికిని భయము లేదు. అదే పుస్తకమును పదిమంది కూర్చుండి చదివి, ఇది నిజమా యని ఒకరినొకరు ప్రశ్నించుకొనినప్పుడే భయము. పుస్తకము శక్తి ఎచ్చటనున్నదో యువకుల పెద్దలకన్న ముందు పోలీసువారు కనిపెట్టిరి.

ఈ శక్తిని చక్కగా నెఱిగినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ ప్రాంతమున పుట్టి, ఒక ఉపాధ్యాయుని యింట వంటపని చేయుచు చదువు నేర్చినవాడు. ఆయన 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, అచ్చైన పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. కొనినవానితో కూర్చుండి మాటలాడుట ఆయనకు అమ్మకములో భాగము. ఆ దినములలోనే కె.సి. గుప్తగారు అణా గ్రంథమాల నడపిరి. అణా యనగా రూపాయిలో పదునాఱవ వంతు. విద్యార్థి తన చేతిలోని చిల్లరతో పుస్తకము కొనగలుగుట అదివఱకు లేని స్వాతంత్ర్యము. తండ్రిని డబ్బడుగనవసరము లేనిచో తండ్రి యనుమతియు అవసరము లేదుగదా!

సరిగా ఆ కాలముననే, 1936లో, ఇంగ్లండున విక్టర్ గొలాంజ్ అను ప్రచురణకర్త లెఫ్ట్ బుక్ క్లబ్బు అను సంఘమును పెట్టెను. నెలకొక పుస్తకము, సభ్యులకు రెండున్నర షిల్లింగుల వెల. కొలది కాలములోనే సభ్యులు ఏబదివేలు మించిరి. కాని దాని బలము అంకెలలో లేదు. ఆ నెల పుస్తకమును చర్చించుటకు ఊరూర ఏర్పడిన వందలకొలది బృందములలో నున్నది. లండనున గొలాంజ్, సికింద్రాబాదున ఆళ్వారుస్వామి ఒకరినొకరు ఎఱుగకయే ఒకే సూత్రమును ఆచరించిరి: తక్కువ వెల, చదివినదానిపై మాట.

1943లో హైదరాబాదున ఆంధ్ర సారస్వత పరిషత్తు స్థాపితమైనది. ప్రాథమిక, ప్రవేశ, విశారద అను పరీక్షలను పరిషత్తు నడపినది. పరీక్ష యనగా పాఠ్యగ్రంథముల పట్టికయే. కాని ఈ పట్టిక ఎట్లు పనిచేసినదో గమనింపుడు. బడిలో ఉర్దూ చదివిన యువకుడు ఒక ఊరిలో, గుమాస్తా పని చేసికొనువాడు వేఱొక ఊరిలో ఈ గ్రంథములను చేపట్టి, తీరిక వేళలలో తెలిసినవారిచేత చెప్పించుకొనిరి. పట్టిక వెనుక ఒక గురువో, ఒక మిత్రబృందమో ఉన్న చోట అది బ్రతికినది.

ఇంతవఱకు చెప్పినది సద్గ్రంథముల కథ. పెద్దల పట్టికలలో ఎన్నడును చేరని గ్రంథముల కథ వేఱొకటి కలదు. కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వేయి నవలలు వ్రాసిరి. రైలు స్టేషన్లలో చౌకగా అమ్ముడైన ఆ చిన్న నవలలను పండితులు గణింపలేదు. కాని తెలుగునాట అక్షరములు మాత్రమే వచ్చిన ఎందఱో యువతీయువకులను, ముఖ్యముగా ఇంటిపట్టున నుండు ఆడవారిని, పుస్తకము వదలలేని పాఠకులుగా చేసినవి అవియే. అలవాటు లేనివానికి ఉద్గ్రంథము బరువు. అలవాటైనవాడు నేడు కొవ్వలి చదివినను రేపు ఇంకొకటి అడుగును.

ఈ సందర్భమున మా చిన్ననాటి ముచ్చట యొకటి చెప్పుకొనుటకు పాఠకులు అనుమతింతురుగాక. మా యూరి గ్రంథాలయమున అద్దాల బీరువాకు తాళము. ఆ తాళపుచెవి కార్యదర్శిగారి మొలత్రాడున. మేము అపరాధ పరిశోధక నవల కోరితిమి; ఆయన నీతికథలు ఇచ్చిరి. మేమా నవలను వేఱొకచోట సంపాదించి, నీతికథల నడుమ నుంచి, అదే గ్రంథాలయమున కూర్చుండి చదివి పట్టుబడితిమి. దెబ్బలు తప్పవనుకొంటిమి. కార్యదర్శిగారు కుర్చీ దగ్గఱకు జరుపుకొని, “ఏమిరా అబ్బాయీ, అందులో అంత ఏముందో చెప్పు, నేనూ వింటాను” అనిరి. చెప్పితిమి. “హంతకుడు ఎవడో నీకు ముందే తెలిసిందా? ఎట్లా తెలిసింది?” అని ఆయన ప్రశ్నించిరి. మఱునాడు ఆ సంగతి విని ఇంకను నలుగురు పిల్లలు వచ్చి చుట్టు కూర్చుండిరి. నెల తిరుగకముందే తాళము తీసిన బీరువా ముందు మేమందఱము కూర్చుండి ఆయన తెచ్చిన చరిత్ర పుస్తకమును అదే విధముగా ప్రశ్నించుచుంటిమి. మమ్ము పాఠకులుగా చేసినది నవలయా, చరిత్రయా యనిన చెప్పలేము. ఆయన దగ్గఱకు జరుపుకొన్న కుర్చీ యని మాత్రము చెప్పగలము.

పిల్లలకు ఈ తోడు రేడియో ద్వారా సైతము దొరకినది. మదరాసు రేడియోలో రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘము స్థాపించి, 1945 నుండి బాల అను మాసపత్రిక నడపి, 1956లో హైదరాబాదునకు తరలి వచ్చిరి. పిల్లలకు కథ చదివి వినిపించుటతో వారు తృప్తిపడలేదు. ఊరూర పిల్లల సంఘములు పెట్టించి, పిల్లలచేతనే చెప్పించి, వ్రాయించి, ఆడించిరి. విను బాలుడు చెప్పు బాలుడగుటయే వారి పద్ధతి.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము ఈ భారమును కొంత స్వీకరించినది. రంగనాథన్ పండితుని కృషివలన 1948లో మదరాసు రాష్ట్రమున ప్రజా గ్రంథాలయ చట్టము వచ్చినది. 1955లో హైదరాబాదు రాష్ట్రమున వచ్చిన చట్టముతో, 1891లో స్థాపితమై 1936 నుండి అఫ్జల్‌గంజ్ భవనమున నున్న ఆసఫియా గ్రంథాలయము రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది. ఈ రెండు ప్రాంతములకును కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయ చట్టము చేయబడినది. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మటను ఆ యేర్పాటే కొనసాగినది. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది.

చట్టము భవనమునిచ్చినది, ఉద్యోగినిచ్చినది, నిలుకడనిచ్చినది. రావిచెట్టువారి యింటి గది ఎన్నడును ఈయలేనివి ఇవి. కాని చట్టము దగ్గఱకు జరుపుకొన్న కుర్చీని ఈయలేదు. నేడు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి చూడుడు. జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు ఉదయము మొదలు రాత్రివఱకు తలలెత్తక చదువుచుందురు. వారు చదువునది ఉద్యోగపు పోటీ పరీక్షలకు. ఆ శ్రమను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. పేదయింటి బిడ్డకు ఆ కుర్చీ, ఆ దీపము ఎంత విలువైనవో మేమెఱుగుదుము. కాని వందలమంది ఒకే గదిలో కూర్చుండియు ఒక్కొక్కరు ఒంటరిగా చదువు స్థలమది. పరీక్ష ముగిసినచో పుస్తకమును ముగియును.

ఉద్యోగము దొరకినవారు మాదాపూరునకు వచ్చుచున్నారు. ఊరు, బంధువులు, బాల్యమిత్రులు వెనుకబడిపోయిరి. అద్దెగదిలో ఒకరు, హాస్టలున నలుగురు. పగలంతయు తెరపై ఇంగ్లీషు, రాత్రి ఫోనుపై తెలుగు మాట. 1901లో ఉర్దూ కచ్చేరీనుండి తిరిగివచ్చి రామకోట యింటిలో తెలుగు పుస్తకము తెఱచిన గుమాస్తాకును వీరికిని పోలిక లేకపోలేదు. అతనికి తెలుగు గ్రంథములు దొరకలేదు, పదిమంది దొరకిరి. వీరికి గ్రంథములు అపారము. పదిమంది దొరకుట దుర్లభము.

ఇది తీరరాని కష్టము కాదు. అపార్టుమెంటుకొక చిన్న గది, లేనిచో మెట్లక్రింది స్థలము చాలును. నెలకొక పుస్తకము. ఒక నెల పెద్దలు ఎన్నిన పుస్తకము యువకులు చదువవలెను. మఱుసటి నెల యువకులు ఎన్నిన పుస్తకము పెద్దలు చదువవలెను. మొదటి భాగము వినగానే అందఱు తలలూపుదురు, రెండవదానికి వెనుకాడుదురు. ఆ రెండవదే ముఖ్యము. తన యెన్నికను తండ్రి చదివినాడని తెలిసిన కుమారుడు, తన పుస్తకమును తల్లి ప్రశ్నించినదని తెలిసిన కుమార్తె, పై నెలలో పెద్దల పుస్తకమును త్రోసివేయరు. ఆ పుస్తకమునకు పలు ప్రతులు కావలసినచో మీ ప్రాంతపు గ్రంథాలయమును అడుగుడు. మీరు ఇంటిపన్నుతో కలిపి ఆ సొమ్ము చెల్లించుచునే యున్నారు. అడుగువారు లేని గ్రంథాలయమున ఏ పుస్తకములు కొనవలెనో ఉద్యోగికి మాత్రము ఎట్లు తెలియును?

అమ్మాయిలను గూర్చి ఒక మాట. పిల్లవానికి పట్టిక అడుగువచ్చినవారు పిల్లకు అడుగుట మా యనుభవమున తక్కువ. అచ్చమాంబ కథ మొదట చెప్పినది ఇందులకే. ఆమె ప్రక్కన కూర్చుండుటకు ఒక తమ్ముడు ఒప్పుకొనినాడు. ఆ ప్రక్కచోటు నుండి ఒక రచయిత్రియు, ఆ తమ్మునినుండి ఒక ఉద్యమమును తెలుగువారికి లభించినవి.

కావున పట్టిక అడుగవచ్చు గృహస్థునకు ఇకమీదట మేమొక్కటే చెప్పదలచితిమి. మీ బిడ్డతో కలిసి చదువు నలుగురి పేర్లు మాకు ముందు చెప్పుడు. వారిలో మీ పేరును ఉన్నచో మఱియు సంతోషము. పుస్తకము పేరు పిదప చెప్పుదుము.